తడి గుడ్డ కథ

అందరికీ నమస్కారం.

చలికాలం పొద్దున్నే బండి తీయబోతే సీటు తడిసి ఉంటుంది. రాత్రి చినుకు కూడా పడలేదు. గుడ్డతో తుడిచేసి వెళ్లిపోతాం. ఆరుబయట పెయింటు ఎన్నాళ్లు నిలుస్తుందో పరీక్షించడం నా ఉద్యోగం. అదంతా ఆ గుడ్డకు అంటిన తడి గురించే.

ఆరుబయట పెయింటు పాడైతే మనం ఎండనూ వాననూ తిడతాం. ఎండ సరే. తడి విషయంలో మాత్రం వానకన్నా మంచుదే ఎక్కువ పాపం. వాన కురిసి కారిపోతుంది, గాలికి ఆరిపోతుంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే కారు టాపు తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. గాలిలోని ఆవిరి దానిమీద నీరై పేరుకుని, ఎండ వచ్చేదాకా కదలదు. పెయింటు పొరలోకి నీరు ఇంకడానికి ఆ తీరిక చాలు. ఇలాంటి పరీక్షలకు ప్రపంచమంతా కొలబద్దగా పెట్టుకున్నది దక్షిణ ఫ్లోరిడాను. అక్కడి తేమ అలాంటిది మరి.

ఏళ్లతరబడి ఆగలేం కాబట్టి పెయింటు పూసిన పలకల్ని, అంటే ప్యానెళ్లని, యంత్రంలో పెడతాం. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీ దీపాల పెట్టెలో మంచు పట్టించే తీరు నాకు భలే ఇష్టం. అడుగున వేడినీళ్ల తొట్టి, పైన పెట్టె నిండా ఆవిరి. ప్యానెళ్లే పెట్టెకు గోడలు. వాటి ముఖం ఆవిరివైపు, వీపు గది గాలివైపు. వీపు చల్లబడితే ముఖానికి నీరు పడుతుంది. పంపు లేదు, నాజిల్ లేదు. ఈ పరీక్ష ఎలా చెయ్యాలో చెప్పే ప్రమాణపత్రం ఏఎస్‌టీఎం జీ154లో బాగా వాడే సైకిల్ ఒకటుంది: 60 డిగ్రీల దగ్గర 8 గంటలు యూవీ, 50 డిగ్రీల దగ్గర చీకట్లో 4 గంటలు తడి.

కొత్తగా చేరినవాళ్లు ఆ 4 గంటల్ని ఒక గంటకు తగ్గిద్దామంటారు. కుదరదు. వెలుతురు కావాలంటే దీపం పెంచుకోవచ్చు. నీటిని మాత్రం వేడితో కాస్త తొందరపెట్టగలం, అంతే.

ఎండను పోలిన వెలుతురిచ్చే జినాన్ దీపాల యంత్రాల్లో చాలాకాలంగా ఉన్న లెక్క వేరు. 102 నిమిషాలు వెలుతురు, తర్వాత 18 నిమిషాలు వెలుతురుతోపాటే స్ప్రే. కాగిన ప్యానెల్‌మీద చల్లటి నీళ్లు పడే దెబ్బ చూడ్డానికి అది పనికొస్తుంది. లోపలికి ఇంకే తడికి 18 నిమిషాలు ఏ మూలకు? అందుకే 2013లో కార్లు, విమానాల పూతలకోసం వచ్చిన ఏఎస్‌టీఎం డీ7869లో దీపాలు ఆర్పి గంటలకొద్దీ తడిపే దశలు పెట్టారు. ఆలస్యమైనా మంచి పని.

స్ప్రే అన్నాను కాబట్టి మా పరువు తీసిన సంగతి కూడా చెప్పేస్తాను. ఒకసారి ముదురు నీలం ప్యానెళ్లమీద తెల్లటి పొర కనబడింది. పెయింటు సుద్దలా రాలుతోందని రిపోర్టు రాసేశాం. నీళ్లు కరెంటును ఎంత పోనిస్తాయో చూసి శుద్ధిని చెప్పే కండక్టివిటీ మీటరు చూస్తే అంతా బాగానే ఉంది. తీరా తేలిందేమిటంటే, నీళ్లు శుద్ధిచేసే రెజిన్ అరిగిపోయి సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, నీళ్లలోకి జారిపోతోంది. ఆ మీటరుకు సిలికా సరిగా చిక్కదు. స్ప్రే నీళ్లలో అది 0.2 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 0.2 పాలు, దాటినా మరకలు పడతాయి. రెజిన్ మార్చాక కొత్త ప్యానెళ్లమీద ఆ పొర రాలేదు. పెయింటు పంపినవాళ్లకు ఫోన్ చేసి సారీ చెప్పుకున్నాం.