ఈడీ ఇంజెక్షన్ కోడింగ్: ముందు ఇచ్చిన మందే ‘ఇనీషియల్’ కాదు

నమస్తే అండి. అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగం (ఈడీ) చార్టులు చదివి బిల్లు కోడ్లు వేసే పని కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇంజెక్షన్ల దగ్గరే. అందుకే ఈ రోజు ఒక్క చార్టే తీసుకుని నిదానంగా చూద్దాం. ఇది ఆసుపత్రి బిల్లు. సూది వేసేది ఆసుపత్రి నర్సు కాబట్టి డాక్టర్ బిల్లులో ఈ కోడ్లు రావు.

స్క్రీన్ మీద నర్సు రాసిన టైములు చూడండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, నడుము నొప్పి, వాంతులు. 10:05కి ఆన్‌డాన్‌సెట్రాన్ (వాంతుల మందు) 4 మిల్లీగ్రాములు, ఐవీ పుష్, అంటే సిరంజితో నేరుగా నరంలోకి. 10:10కి మార్ఫిన్ పుష్. నొప్పి తగ్గక 10:30కి మళ్లీ మార్ఫిన్. 10:40 నుంచి 11:20 దాకా సెఫ్‌ట్రయాక్సోన్ (యాంటీబయాటిక్) 1 గ్రాము, డ్రిప్.

మొదట పుష్ ఇచ్చారు కదా అని చెయ్యి 96374 మీదకు పోతుంది, అంటే పుష్‌నే ‘ఇనీషియల్’ (బిల్లులో ప్రధానంగా వేసే) కోడ్‌గా పెట్టడం. ఆగండి. ఆసుపత్రి బిల్లులో గడియారం వరస చూడం. చూసేది ఈ వరస: కీమో (క్యాన్సర్ మందు) ముందు, తర్వాత మందు డ్రిప్, తర్వాత పుష్, ఆ తర్వాత కండకు వేసే సూది, ఆఖర్న ఉత్త సెలైన్. కాబట్టి ఇక్కడ ఇనీషియల్ 96365, అంటే ఆ 40 నిమిషాల డ్రిప్. ఆన్‌డాన్‌సెట్రాన్‌కి ఒక 96375 (అదనంగా పుష్ చేసిన వేరే మందుకు వేసేది), మార్ఫిన్‌కి ఇంకో 96375.

మరి రెండో మార్ఫిన్? అదే మందు మళ్లీ పుష్ చేస్తే 96376 ఉంది. కానీ మధ్యలో 30 నిమిషాలు దాటాలి. ఇక్కడ 20 నిమిషాలే, కోడ్ రాదు. మందు డోసు మాత్రం లెక్కలో చేరుతుంది.

ఇప్పుడు ఆ 11:20 చెరిపేస్తున్నాను. డ్రిప్ ఎప్పుడు ఆగిందో తెలియదు. 15 నిమిషాలు దాటిందని చూపించలేం కాబట్టి అది పుష్ కిందకే వస్తుంది: 96374 ఒకటి, 96375 రెండు. నర్సు నిజంగా 40 నిమిషాలు చూసుకున్నా సరే. నాకు బాధనిపించేది ఇక్కడే. దయచేసి ఊహించి టైము వేయకండి, మీ ఆఫీసు పద్ధతి ప్రకారం క్వెరీ (చార్టు రాసినవాళ్లను వివరం అడిగే ప్రశ్న) పంపండి.

ఇక మందులకు విడిగా వేసే కోడ్లు, వాటి యూనిట్లు: సెఫ్‌ట్రయాక్సోన్ జె0696, 250 మిల్లీగ్రాములకు ఒకటి, అంటే 4. ఆన్‌డాన్‌సెట్రాన్ జె2405, మిల్లీగ్రాముకు ఒకటి, అదీ 4. ఈడీ విజిట్ కోడ్‌కి మాడిఫయర్ 25 (విజిట్ ఈ ఇంజెక్షన్లకు వేరైన సేవ అని చూపే గుర్తు) మర్చిపోవద్దు.

చాలామంది అడిగేది ఇంకొకటి: గాయంతో వచ్చినవాళ్లకు వేసే టెటనస్. టీకా అయితే 90471. అదే ఇమ్యూనోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీలు) కండకు వేస్తే 96372.