మా ఇంట్లో ఆదివారం ఎప్పుడొస్తుందంటే

చెల్లి: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్‌ని కాజీపేటలో మా అక్క వాళ్ళింట్లో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. మధ్యలో కుక్కర్ విజిల్ గానీ రైలు హారన్ గానీ వినిపిస్తే ఏమీ అనుకోకండి. అక్కా, బావ గూడ్స్ రైలు నడుపుతారు, నువ్వు టీచర్‌వి, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులతో అత్తమ్మ. ఇంతమందీ కలిసి బయటికి పోవడం అసలెట్లా కుదురుతుంది?

అక్క: క్యాలెండర్ చూసుకుంటే ఎప్పటికీ కుదరదు. మీ బావకు రెస్ట్ వచ్చిన రోజే మాకు ఆదివారం. గూడ్స్ వాళ్ళకు ఇన్నింటికి పోవాలి, ఇన్నింటికి రావాలి అని ఉండదు కదా. ఫోన్ వస్తుంది, బ్యాగు సర్దుకుని పోవాలి. బల్లార్షా వైపు పోయిన మనిషి ఎప్పుడు తిరిగొస్తాడో ఆయనకే తెలీదు. ఆ రెస్ట్ ఏ మంగళవారమో వస్తే పిల్లలకు స్కూలు, నాకూ స్కూలే. రెండో శనివారమో ఆదివారమో ఆయన ఇంట్లో ఉన్నారంటే మాకది పండగ.

చెల్లి: మరి మంగళవారం వచ్చిన రెస్ట్ వృథానేనా?

అక్క: వృథా ఎందుకవుతుంది? సాయంత్రం ఉందిగా. పిల్లలు స్కూలు నుంచి వచ్చి పాలు తాగగానే వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి పోతాం, లేదంటే వేయి స్తంభాల గుడికి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన గుడి మనకు సిటీ మధ్యలో ఉంది, ఆటో ఎక్కితే పోవచ్చు. 2024 శివరాత్రికి కల్యాణ మండపం మళ్ళీ తెరిచారు కదా, మా చిన్నోడికి ఆ స్తంభాల మధ్య దాగుడుమూతలు ఆడుకోవడమంటే ప్రాణం. గంట సేపు తిరిగొచ్చి అన్నం తిని పడుకుంటే ఇల్లంతా హాయిగా ఉంటుంది. దూరం పోతేనే ఔటింగ్ అనుకుంటే మాలాంటి ఇళ్ళల్లో ఏడాదికి ఒక్కటీ జరగదు.

చెల్లి: కానీ రామప్ప గుడికి వెళ్ళారుగా! దాని గురించి చెప్పు. మొదటిసారి అనుకున్నప్పుడు ఆగిపోయింది కదా?

అక్క: ఆగిపోయింది. నేను పులిహోర కలిపాను, అత్తమ్మ సర్వపిండి కాల్చింది, పిల్లలు చెప్పులేసుకుని గేటు దగ్గర నిల్చున్నారు. అప్పుడు వచ్చింది డ్యూటీ కాల్. పెద్దది ఏడో తరగతి కదా, ఏడవలేదు, గదిలోకి పోయి తలుపేసుకుంది. అది ఏడ్చినా బాగుండేది. మీ బావ యూనిఫాం వేసుకుంటూ ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయారు. ఇళ్ళల్లో ఇలాంటి పొద్దుల గురించి ఎవరూ చెప్పరే, ఫొటోలు మాత్రం పెడతారు.

చెల్లి: ఆ రోజు ఏం చేశారు?

అక్క: ఆ సర్వపిండి మేడ మీద కూర్చుని తిన్నాం. అత్తమ్మ చేతి సర్వపిండి సంగతి నీకు తెలుసుగా. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కారం వేసి కలిపి, గంజు, అంటే లోతు గిన్నె, లోపల అంచుల దాకా పల్చగా ఒత్తుతుంది. వేలితో చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి సన్నని మంట మీద పెడుతుంది. కాలాక దానంతటదే గంజును వదిలేస్తుంది. దారిలో తినడానికి దీన్ని మించింది లేదు. చేతికి అంటదు, తొందరగా పాడవదు.

చెల్లి: నోరూరించకు! సరే, రెండోసారి?

అక్క: ఈసారి ఆదివారం నాడే రెస్ట్ పడింది. ముందు రోజు రాత్రే పెద్ద పంచాయితీ. మీ బావ తమ్ముడేమో రామప్ప, లక్నవరం చెరువు, బొగత జలపాతం ఒకే రోజు కొట్టేద్దామన్నాడు. బొగత వాజేడు దగ్గర, ఆ చివర! ఆ మూడూ చూడాలంటే రోజంతా కారులోనే. నేను ఒకటే చోటన్నాను. అత్తమ్మను ఇంట్లో వదిలేసి పోయే ఔటింగ్ నాకొద్దు, ఆమె రావాలంటే తొందర పనికిరాదు. చివరికి మీ బావ కూడా నా వైపే నిల్చున్నారు.

చెల్లి: ఎన్నింటికి బయల్దేరారు?

అక్క: ఆరింటికల్లా. ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కి, జంగాలపల్లి క్రాస్ దగ్గర లోపలికి తిరిగాం. పెందలాడే పోవాలే. ఎండెక్కితే ఆ రాతి మీద చెప్పుల్లేకుండా నడవలేం, పిల్లలు కాళ్ళెత్తి గంతులేస్తారు. గుడి నక్షత్రం ఆకారంలో ఎత్తైన అరుగు మీద ఉంటుంది. మీ బావ ఒక చెయ్యి, పెద్దది ఒక చెయ్యి పట్టుకుని అత్తమ్మను మెట్టు మెట్టుకీ ఆపుతూ ఎక్కించారు.

చెల్లి: పిల్లలకు ఏం నచ్చింది?

అక్క: పెద్దదానికి ఇటుకలు. శిఖరం కట్టిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక కదా, బరువు తగ్గించడానికి అలా చేశారని గైడ్ చెప్పగానే అది వంద ప్రశ్నలు వేసింది. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దీని పాఠం నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. అక్కడ నిలబడి నా బిడ్డ అడుగుతుంటే వేరేగా ఉంది. చిన్నోడైతే చూరు కింద ఉన్న నల్లరాతి మదనికల, అంటే ఆడబొమ్మల, కిందే తిరిగాడు. ఒక బొమ్మ కాళ్ళకు ఎత్తు చెప్పులున్నాయి. "అమ్మా, ఈమె హీల్స్ వేసుకుంది!" అని గుడంతా వినపడేలా అరిచాడు.

చెల్లి: అత్తమ్మ?

అక్క: అత్తమ్మను మండపం అంచున నంది ఎదురుగా కూర్చోబెట్టాం. ఆ నంది చెవులు రిక్కించి, పిలిస్తే లేచేటట్టు ఉంటుంది. చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత పిల్లల్ని పిలిచి, చిన్నప్పుడు వాళ్ళ నాయన శివరాత్రి జాతరకు ఎడ్లబండి కట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చేవాడని చెప్పింది. బండి కింద గడ్డి పరుచుకుని పడుకునేవాళ్ళట, తెల్లారి చెరువులో స్నానాలట. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకెప్పుడూ ఆ మాట చెప్పలేదే! మీ బావకు కూడా తెలీదు. లక్నవరం టైమవుతోందని తొందరపెట్టి ఉంటే ఆ మాట ఆమె నోట్లోనే ఉండిపోయేది.

చెల్లి: మరి లక్నవరం పోలేదా?

అక్క: పోలేదు. రామప్ప చెరువు గట్టున చెట్టు కింద పులిహోర తిన్నాం, చిన్నోడు నానమ్మ ఒళ్ళో నిద్రపోయాడు. తిరుగు దారిలో ఆత్మకూరు దాటాక టైరు పంచరైంది. ఎండలో అరగంట నిలబడ్డాం, చిన్నోడు ఒకటే గోల. అయినా మూడింటికల్లా ఇల్లు చేరాం. మీ బావ కాసేపు నిద్రపోయారు. రాత్రికి డ్యూటీ ఉంది, కళ్ళు మూతలు పడుతుంటే రైలు నడపొద్దు కదా. దూరం ప్లాన్ చేసేటప్పుడు నేను మొదట చూసేది ఆయన నిద్ర లెక్కే.

చెల్లి: వినేవాళ్ళకు ఉపయోగపడుతుంది, బొగతకు ఎప్పుడు పోతే మంచిది?

అక్క: వానాకాలం నడి మధ్యలో, నీళ్ళు బాగా దూకుతున్నప్పుడు. అయితే వరద ఎక్కువైతే లోపలికి పోనివ్వరు, ముందు కనుక్కుని బయల్దేరాలి. చిన్నపిల్లలుంటే నీళ్ళ దగ్గర చెయ్యి వదలొద్దు. మేము మాత్రం ముందు పాకాల చెరువుకు పోతాం. నర్సంపేట మీదుగా పోవచ్చు, అత్తమ్మకు ప్రయాణం తక్కువ.

చెల్లి: ఎప్పుడు?

అక్క: మీ బావను అడుగు. అదిగో, ఫోన్ మోగుతోంది.