ఒలింపిక్స్ ఏడాది ఆగాయి, మరి పిల్లల వయసు ఆగుతుందా?

[తెరపై: క్యాలెండర్. 2020 మార్చి 24 దగ్గర ఎర్ర గీత.]

నమస్కారం. 2020 మార్చి 24న జపాన్ ప్రధాని షింజో అబే, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు థామస్ బాక్ ఫోన్‌లో మాట్లాడుకున్నారు. కాసేపటికే కరోనా వల్ల టోక్యో ఒలింపిక్స్ వాయిదా అని ప్రకటన వచ్చింది. మా జట్టును పంపం అని కెనడా అప్పటికే తేల్చి చెప్పేసింది. యుద్ధాల వల్ల 1916, 1940, 1944 ఒలింపిక్స్ రద్దయ్యాయి. వాయిదా పడటం మాత్రం చరిత్రలో అదే మొదలు.

మనం విజయనగరంలో కూర్చుని ఇదంతా ఎందుకు మాట్లాడుకోవాలి? నెల్లిమర్ల మండలం కొండవెలగాడ పేరు వినే ఉంటారు. వెయిట్‌లిఫ్టర్ల ఊరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. అటు శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు పద్ధతుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది కరణం మల్లీశ్వరి. మన రెండు జిల్లాల్లో ఎంతోమంది పిల్లలు పొద్దున్నే లేచి బార్ పట్టుకుంటారు. ఎక్కడో ఒక పోటీ తేదీ మారితే ఆ దెబ్బ ఇక్కడిదాకా వస్తుంది.

ముందు తేదీ ఎలా మారుస్తారో చూద్దాం.

2020లో కరోనా ఉన్నా పైడితల్లమ్మ సిరిమాను దసరా తర్వాతి మంగళవారమే తిరిగింది. జనాన్ని కట్టడి చేశారు గానీ రోజు మార్చలేదు, ఎందుకంటే ఆ రోజు మనుషులు పెట్టింది కాదు. ఒలింపిక్స్‌కు అలాంటి తిథి లేదు. కానీ చుట్టూ ఉన్న పోటీలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. టోక్యోను 2021 జూలై 23కు జరపగానే, ఆ ఆగస్టులో అమెరికాలోని యూజీన్‌లో పెట్టుకున్న ప్రపంచ అథ్లెటిక్స్‌ను 2022 జూలైకి నెట్టాల్సి వచ్చింది. దాని వెనకే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు ఉన్నాయి. అథ్లెట్లకు కాస్త ఊపిరి దొరకాలని వాటినీ ఒక రోజు ఆలస్యం చేశారు. అవును, ఒక్క రోజు. ఆ ఒక్క రోజు కోసం కూడా ఎవరో కూర్చుని లెక్క వేశారు. హాంగ్‌జౌ ఆసియా క్రీడలైతే 2022 నుంచి 2023కు వెళ్లిపోయాయి.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. టోక్యో ఏడాది ఆగినందుకు అదనపు ఖర్చు సుమారు 29,400 కోట్ల యెన్లని 2020 డిసెంబర్‌లో నిర్వాహకులు చెప్పారు. వింబుల్డన్‌కు మాత్రం ముందుచూపుతో కట్టిన మహమ్మారి బీమా ఉంది. అందుకే 2020 టోర్నీని వాయిదా వేసే తిప్పలు పడకుండా నేరుగా రద్దు చేసుకోగలిగింది.

[తెరపై: బార్ దగ్గర వంగిన లిఫ్టర్. అరచేతుల్లో తెల్లటి చాక్ పొడి. చూపు కాళ్ల మీదికి దిగుతుంది.]

ఇప్పుడు అసలు విషయం. లిఫ్టర్ ఏడాదంతా ఒకే బరువు ఎత్తదు. కోచ్ పోటీ తేదీని చేతిలో పెట్టుకుని వెనక్కి లెక్కపెడతారు. మొదటి నెలల్లో ఎక్కువ సార్లు, మధ్యస్థం బరువు. పోటీ దగ్గర పడేకొద్దీ తక్కువ సార్లు, ఎక్కువ బరువు. చివరి రోజుల్లో పని తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇస్తారు. తిండి కూడా ఆ తేదీని బట్టే. పోటీకి రెండు గంటల ముందు తూకం వేస్తారు. అప్పట్లో 49 కిలోల విభాగంలో ఆడే అమ్మాయి ఆ ముల్లు మీద 49 దాటకూడదు. ఇంత కష్టపడి ఒంటిని ఒక రోజుకు సిద్ధం చేశాక, ఆ రోజే లేదంటే? ఆ స్థితిని దాచిపెట్టుకోవడం కుదరదు. మళ్లీ మొదటి నెల నుంచి మొదలు. దానికి తోడు మార్చి 25 నుంచి లాక్‌డౌన్. బార్, ప్లేట్లు వ్యాయామశాలలో, పిల్లలు ఇంట్లో.

కొందరికి ఆ ఏడాది కలిసొచ్చింది, అదీ చెప్పాలి. మీరాబాయి చానును భుజం, నడుము నొప్పులు వేధిస్తున్నాయి. 2020 అక్టోబర్‌లో అమెరికా వెళ్లి చికిత్స చేయించుకుంది. 2020లో జరగాల్సిన ఆసియా వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు 2021 ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో జరిగితే, అక్కడ క్లీన్ అండ్ జర్క్‌లో (బార్‌ను ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తే పద్ధతి) 119 కిలోలు ఎత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. జూలై 24న టోక్యోలో రెండు పద్ధతుల్లో కలిపి 202 కిలోలతో రజతం.

కానీ మీరాబాయికి అప్పటికి పాతికేళ్లు దాటాయి. ఆమెకు ఆగే వీలుంది. వయసు హద్దు ఉన్న పోటీల్లో ఆడే పిల్లలకు ఆ వీలు లేదు. నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

టోక్యో ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో పురుషులకు, జట్టులో ముగ్గురు మినహా, 23 ఏళ్ల హద్దు ఉండేది. వాయిదా పడగానే, 1997 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అన్న పాత నిబంధననే ఉంచారు. కుర్రాళ్లకు 24 వచ్చినా ఆడనిచ్చారు. మంచి పని. జిమ్నాస్టిక్స్‌లో ఇంకో రకంగా జరిగింది. 2020లో అయితే వయసు చాలని 2005లో పుట్టిన అమ్మాయిలకు తలుపు తెరుచుకుంది. రష్యా జిమ్నాస్ట్ విక్టోరియా లిస్తునోవా అలా వచ్చి జట్టు స్వర్ణంలో భాగమైంది.

ఇక మన దేశానికి వద్దాం. 17 ఏళ్లలోపు అమ్మాయిల ఫుట్‌బాల్ ప్రపంచకప్ 2020 నవంబర్‌లో భారత్‌లో జరగాలి. 2021 ఫిబ్రవరికి వాయిదా వేశారు. తర్వాత ఆ ఎడిషన్‌నే రద్దు చేసి, 2022 టోర్నీని మనకిచ్చారు. చూడ్డానికి రెండేళ్ల ఆలస్యమే కదా అనిపిస్తుంది. కానీ 2022లో ఆడాలంటే 2005లో గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. 2003, 2004లో పుట్టి, మొదటి ప్రపంచకప్ కోసం క్యాంపుల్లో ఏళ్ల తరబడి పరుగులు తీసిన అమ్మాయిల సంగతేంటి? భారత్ ఆడిన మ్యాచ్‌లు భువనేశ్వర్‌లో జరిగాయి. ఇచ్ఛాపురం దాటి కాస్త ముందుకెళితే చాలు. టికెట్ కొనుక్కుని చూడటం తప్ప వాళ్లకు ఇంకేం మిగల్లేదు.

దీన్ని మించింది సెనెగల్‌లోని డకార్ యూత్ ఒలింపిక్స్. 2022 నుంచి ఏకంగా 2026కు మార్చారు. 2022లో అర్హత ఉన్నవాళ్లలో అందరికన్నా చిన్న, 15 ఏళ్ల పిల్లకు 2026లో 19, హద్దు దాటిపోయినట్టే. అంటే మొదటి తేదీకి అర్హత ఉన్న పిల్లల్లో ఒక్కరు కూడా కొత్త తేదీకి పనికిరారు. ప్రపంచం మొత్తం మీద ఒక్కరు కూడా! కాగితం మీద అది వాయిదా. ఆ పిల్లలకు రద్దు.

వెయిట్‌లిఫ్టింగ్‌లో యూత్ విభాగం 13 నుంచి 17 ఏళ్ల వరకే, అదీ పుట్టిన సంవత్సరాన్ని బట్టి లెక్క. డిసెంబర్‌లో జరగాల్సిన పోటీ జనవరికి జరిగిందనుకోండి, నెల తేడాతో ఒక బ్యాచ్ మొత్తం జూనియర్లలోకి వెళ్లిపోతుంది. అక్కడ 20 ఏళ్ల వాళ్లతో పోటీ. పైగా ఎదిగే వయసు. 49 కిలోల అమ్మాయి ఏడాదిలో 55 అవుతుంది. అది తప్పు కాదు, ఎదుగుదల. కానీ ఆ విభాగంలో ఎత్తాల్సిన బరువులే వేరు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. వయసు హద్దు ఉన్న పోటీ వాయిదా పడితే, మొదటి సర్క్యులర్‌లో వేసిన పుట్టిన తేదీనే కొనసాగించాలి. టోక్యో ఫుట్‌బాల్‌లో చేసి చూపించారు కాబట్టి, కుదరదని ఎవరూ అనలేరు. ఇది జిల్లా స్థాయి మీట్లకూ వర్తించాలి. వానకో, ఎన్నికలకో, జ్వరాలకో వాయిదాలు ఇక్కడ కొత్త కాదు.

[తెరపై: ఒక సర్క్యులర్. పుట్టిన తేదీ ఉన్న గడి చుట్టూ గుండ్రటి గీత.]

మీ అమ్మాయో అబ్బాయో ఆడాల్సిన పోటీ వాయిదా పడితే, కొత్త తేదీతో పాటు ఈ గడి కూడా చూడండి. మారిందా, లేదా? మారితే పాత సర్క్యులర్ కాపీ జత చేసి, క్రీడా సంఘాన్ని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే సాక్ష్యం ఉండదు. ఎంట్రీల గడువు ముగియకముందే అడగండి.