కరేజ్ ద కవర్డ్‌లీ డాగ్: ఈ దెయ్యాల కార్టూన్ ఎన్నేళ్ల పిల్లలకి పెట్టొచ్చు?

నమస్తే అండీ, కావలి నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు ఒక పాత కార్టూన్ గురించి చెప్పుకుందాం. కరేజ్ ద కవర్డ్‌లీ డాగ్. గులాబీ రంగు కుక్క, పిరికిది, చిన్న చప్పుడైనా గావుకేక పెడుతుంది, గుర్తొచ్చిందా? మనలో చాలామంది బడి నుంచి రాగానే బ్యాగు మూలన పడేసి దీని ముందు కూర్చున్నవాళ్లమే. ఇప్పుడు మన ఇళ్లలో పిల్లలు చూస్తున్నారు. కాకపోతే టీవీలో కాదు, ఫోన్లో, ముక్కలు ముక్కలుగా. అందుకే ఈ వీడియో చేయాలనిపించింది.

నా మాట ముందే చెప్పేస్తాను, చివరిదాకా ఊరించను. ఏడేళ్ల లోపు పిల్లలకి ఇది పెట్టొద్దు. ఎనిమిది దాటిన పిల్లలకి పెట్టొచ్చు, కానీ మీరు పక్కన కూర్చోవాలి, ఏ ఎపిసోడ్ అనేది మీరే ఎంచాలి. పనుల్లో ఉన్నవాళ్లకి ఈ రెండు ముక్కలు చాలు. ఎందుకంటున్నానో కావాలంటే ఉండండి.

అసలు కథేంటంటే, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం, అక్కడ నోవేర్ అనే ఊరు. చుట్టూ ఖాళీ నేల, మధ్యలో ఒకే ఒక్క ఇల్లు, ఆ ఇంట్లో మ్యూరియల్ అనే ముసలావిడ, ఆవిడ భర్త యూస్టస్, వాళ్ల కుక్క కరేజ్. ప్రతి కథలోనూ ఏదో ఒక వింత జీవి ఆ ఇంటి మీదకి వస్తుంది, మ్యూరియల్‌ని కాపాడుకోవడానికి ఈ కుక్క వణుకుతూనే ఎదురెళ్తుంది. చేసింది జాన్ ఆర్. డిల్‌వర్త్. 1996లో ఇదే కుక్కతో ఆయన తీసిన చిన్న సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది, ఆ తర్వాత 1999 నవంబర్‌లో కార్టూన్ నెట్‌వర్క్‌లో సీరీస్‌గా మొదలై 2002 నవంబర్‌లో ఆగింది. 4 సీజన్లు, 52 ఎపిసోడ్లు, ఎక్కువ ఎపిసోడ్లలో పదకొండు నిమిషాల కథలు రెండేసి ఉంటాయి.

అమెరికాలో దీనికి ఇచ్చిన రేటింగ్ టీవీ వై7, అంటే ఏడేళ్లు నిండిన పిల్లలకి అని. మన దగ్గర కూడా 2021 ఐటీ రూల్స్ వచ్చాక ఓటీటీల్లో యు, యు/ఎ 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్, ఎ అని వేస్తున్నారు, మీరు చూసే ఉంటారు. మంచిదే. కానీ ఎవరో కత్తిరించి షార్ట్స్‌లో పెట్టిన నలభై సెకన్ల ముక్క మీద ఈ ముద్రలేవీ ఉండవు కదా, మన పిల్లల చేతికి వచ్చేది ఎక్కువగా ఆ ముక్కే.

మా అక్క కూతురికి ఐదేళ్లు. అన్నం తినాలంటే ఫోన్ ఉండాల్సిందే. ఒకరోజు మధ్యాహ్నం ఏవో బొమ్మల వీడియోలు చూస్తూ ఉంది, ఒకటి అయిపోతే ఇంకోటి దానంతటదే వస్తూ ఉంది. అట్లా ఈ కార్టూన్‌లోని రామ్సెస్ రాజు దెయ్యం ముక్క వచ్చేసింది. చూసినవాళ్లకి తెలుస్తుంది ఏదంటున్నానో. చీకట్లో ఇంటి బయట సన్నగా, పొడుగ్గా ఒక ఆకారం గాలికి ఊగుతూ నిలబడి, నా పలక నాకిచ్చెయ్ అని ఈడ్చి ఈడ్చి అడుగుతుంది. పిల్ల అరవలేదు, ఏడవలేదు. నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని ఉండిపోయింది. ఆ సాయంత్రం నుంచి బాత్‌రూమ్‌కి ఒక్కతే పోదు, నా చున్నీ కొస పట్టుకునే తిరిగింది, కరెంటు పోతే ఇంక చెప్పక్కర్లేదు.

ఆ ఆకారం అంత పట్టేసుకోవడానికి కారణం ఉంది. కార్టూన్ అంతా చేత్తో గీసిన బొమ్మల్లా చదునుగా ఉంటుంది, ఈ రాజుని మాత్రం కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చేశారు. అంటే మిగతా లోకంతో కలవడు. వాడి కదలిక వేరు, నీడ వేరు, గొంతు వేరు. పెద్దవాళ్లకే ఏదో తేడాగా అనిపిస్తుంది. ఐదేళ్ల పిల్లకైతే అది బొమ్మలోంచి బయటికొచ్చిన మనిషే.

పిల్లల భయాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన జోయాన్ క్యాంటర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఉన్నారు. ఆవిడ తేల్చిందేంటంటే, చిన్నపిల్లలు, అంటే దాదాపు ఏడేళ్ల లోపు వాళ్లు, ఎక్కువగా రూపానికి భయపడతారు. వికారంగా కనిపించేది ఏదైనా వాళ్లకి ప్రమాదమే, అది మంచిదా చెడ్డదా అన్న లెక్క తర్వాత. ఆ వయసు దాటాక భయం తీరు మారుతుంది, నిజంగా జరగడానికి వీలున్నవాటికి భయపడటం మొదలవుతుంది, దొంగలు, యాక్సిడెంట్లు, అమ్మానాన్నలకి ఏమన్నా అవ్వడం. అందుకే ఒకే ఎపిసోడ్‌కి ఇంట్లో ఐదేళ్ల పిల్ల ఒకచోట ఉలిక్కిపడుతుంది, పదేళ్ల పిల్లాడు ఇంకోచోట నిశ్శబ్దమైపోతాడు.

ఆవిడ చెప్పిన ఇంకో విషయం మనకి చాలా అవసరం. చిన్నపిల్లలకి "అది నిజం కాదమ్మా, ఉత్త బొమ్మ" అని ఎన్నిసార్లు చెప్పినా పెద్దగా పనిచేయదు. ఆ తేడా పట్టుకునే శక్తి ఇంకా గట్టిపడలేదు వాళ్లకి. దగ్గరికి తీసుకోవడం, నీళ్లు తాగించడం, ఇష్టమైన బొమ్మ చేతిలో పెట్టడం, ఇలాంటివి పనిచేస్తాయి. ఇది చదివాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆ రోజు మా అక్క పిల్లకి ఎంత నచ్చజెప్పినా లాభం లేకపోతే, అమ్మ ఏమీ మాట్లాడకుండా పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని మూడుసార్లు తిప్పి దిష్టి తీసేసింది. "పోయిందిలే నాయనా, ఇంక రాదు" అని వీపు నిమిరింది. పిల్ల ఆ ఒళ్లోనే నిద్రపోయింది. దిష్టికి మహిమ ఉందా లేదా అన్న వాదన నాకొద్దు. మేము మాటలు చెప్పాం, అమ్మ పిల్లని పట్టుకుంది, పిల్ల కళ్లముందు ఒక పని చేసింది. ఐదేళ్ల పిల్లకి కావాల్సింది అదే.

ఇప్పుడు ఇదే రామ్సెస్ కథని మా అక్క పెద్దకొడుకుతో పూర్తిగా చూశాను, వాడికి తొమ్మిదేళ్లు. మొదటి నుంచి చివరిదాకా చూస్తే అది వేరే కథండీ. ఎవరో దొంగిలించిన ఆ రాజు రాతి పలక కరేజ్‌కి దొరుకుతుంది, దానికి బోలెడు డబ్బొస్తుందని తెలిసి యూస్టస్ ఇవ్వనంటాడు. రాజు మూడు శాపాలు పెడతాడు. మొదట ఇంట్లోకి నీళ్లు, చివర్లో మిడతల దండు, మధ్యలో ఏంటో తెలుసా, ఒక పాట! భరించలేని పాటొకటి ఆగకుండా మోగుతుంది. మావాడు పడీపడీ నవ్వాడు. "పిన్నీ, ఆ ముసలాయన ఇచ్చేస్తే అయిపోయేది గదా, ఎందుకు ఇయ్యడు?" అన్నాడు. వాడికి దెయ్యం మీద కన్నా ముసలాయన మీద కోపం వచ్చింది. కథ చెప్పాలనుకున్నదీ అదే కదా.

మన వైపు తోలుబొమ్మలాట చూసిన పెద్దవాళ్లనడగండి, రాక్షసులు ఊగిపోయే ఘట్టం అవ్వగానే జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి జనాన్ని నవ్వించేవాళ్లు. ఈ కార్టూన్‌లో ఆ పని కరేజే చేస్తాడు. కళ్లు బయటికొచ్చేలా అరవడం, ఏం జరిగిందో సైగలతో చెప్పలేక చెప్పడం, ఆ తిప్పలకే పిల్లల బిగువు సడలుతుంది. షార్ట్స్‌లో పెట్టేవాళ్లు ఆ నవ్వు భాగం కోసేసి, కింద ఇంకో భయం మ్యూజిక్ కలిపి వదులుతున్నారు. కథ ముగింపు పిల్ల చూడదు. రాజు తిరిగి వెళ్లిపోయాడని దానికి తెలియదు. మా పిల్లకి వాడు ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. నేను ఎపిసోడ్ కన్నా క్లిప్పుకే ఎక్కువ భయపడేది ఇందుకే.

సరే, ఇప్పుడు పెద్దపిల్లల సంగతి. ఇక్కడ నాకు దెయ్యాల కన్నా ఎక్కువ ఆలోచన పెట్టిన ఎపిసోడ్ ఫ్రీకీ ఫ్రెడ్. మ్యూరియల్ మేనల్లుడు చుట్టపుచూపుగా వస్తాడు. బార్బర్. ముఖం మీద చెరగని నవ్వు. కరేజ్‌తో పాటు బాత్‌రూమ్‌లో ఉండి తలుపు వేసేసుకుంటాడు, మెల్లగా పద్యంలా మాట్లాడుకుంటూ కుక్క బొచ్చంతా గొరిగేస్తాడు. రక్తం లేదు, గాయం లేదు. గొరగడమే. అయినా చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే వాడు రాక్షసుడు కాదు, ఇంటి చుట్టం. బయట మ్యూరియల్‌కి అనుమానమే లేదు.

ఇది ఏడేళ్ల పిల్లకి నేను చూపించను. పది దాటిన పిల్లలకి మాత్రం చూపించి, ఆపి, మాట్లాడమంటాను. మన ఇళ్లలో పిల్లలకి "మామయ్య వచ్చాడు, పో, దగ్గరికి పో" అని తోస్తాం గానీ, ఎవరైనా తలుపు గడియ పెడితే ఏం చేయాలి, నవ్వుతూ మాట్లాడే మనిషి దగ్గర కూడా నీకు ఇబ్బందిగా ఉంటే గట్టిగా అరవొచ్చు, వచ్చి మాకు చెప్పొచ్చు, మేము నిన్ను తిట్టం అని ఎంతమంది చెప్తున్నాం? ఆ మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియనివాళ్లకి ఈ పదకొండు నిమిషాలు ఒక దారి చూపిస్తాయి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 అనే నంబర్ కూడా అప్పుడే చెప్పేయండి.

ఇంకొకటి, యూస్టస్. ఈ ముసలాయన కుక్కని ఊరికే తెలివితక్కువదానా అని తిడుతుంటాడు, ఆకుపచ్చ ముసుగు వేసుకుని వెనక నుంచి వచ్చి దడిపిస్తాడు, అది వణికిపోతుంటే నవ్వుకుంటాడు. చాలామంది తల్లిదండ్రులు దెయ్యాల గురించి అడుగుతారు గానీ ఈయన గురించి అడగరు. నాకు ఈయనే పెద్ద సమస్య అనిపిస్తాడు, ఎందుకంటే ఇదొక్కటి మన ఇళ్లలోనూ ఉంది. తినకపోతే బూచోడికి పట్టిస్తా, పడుకోకపోతే పోలీసోళ్లని పిలుస్తా, దుప్పటి ముసుగేసుకుని తలుపు వెనక నుంచి బ్బూ అనడం, పిల్ల ఏడిస్తే అందరూ కలిసి నవ్వడం, దాన్ని వీడియో తీసి స్టేటస్ పెట్టడం. దయచేసి ఆపండి. కార్టూన్‌ని తీసేసి మనం ముసుగేసుకుంటే ఏం లాభం? పిల్లలు యూస్టస్‌ని చూసి నవ్వితే, వాడు చేసింది కరేజ్‌కి ఎట్లా ఉంటుందని ఒక్కసారి అడగండి. మావాడు కాసేపు ఆలోచించి, చెల్లెల్ని అట్లా దడిపించనని తనే అన్నాడు.

చిట్టచివరి కథ పేరు పర్ఫెక్ట్. ఒక టీచరమ్మ ఎక్కడి నుంచో ఊడిపడి, కరేజ్ చేసే ప్రతి పనిలోనూ తప్పు పడుతుంది. రాత్రి కలలో నీలం రంగు జీవి ఒకటి ఎదురుగా వచ్చి నువ్వు పర్ఫెక్ట్ కాదు అంటుంది. ఆ ఒక్క షాట్ ఇరవై ఏళ్లు దాటినా చాలామందికి గుర్తుంది, అంత ఉలిక్కిపడేలా ఉంటుంది, చిన్నపిల్లల్ని దానికి దూరంగా ఉంచండి. కానీ ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులంటూ పరిగెత్తే పిల్లలున్న ఇల్లు అయితే, నెల్లూరులో, ఒంగోల్లో రోడ్డు పొడవునా ర్యాంకుల హోర్డింగులు చూస్తూ బడికి పోయే పిల్లలైతే, ఇది తప్పకుండా కలిసి చూడండి. స్నానాల తొట్టిలో ఉన్న చేప ఒకటి కరేజ్‌కి చెప్తుంది, పర్ఫెక్ట్ అనేదే లేదు, నువ్వు ఉన్నట్టే బాగున్నావు అని. ఆ తర్వాత కరేజ్ తనకి వచ్చినట్టు తను పని చేసుకుంటాడు, టీచరమ్మ అంతకంతకూ నీరుగారిపోతుంది. తల్లిదండ్రులు కూడా వినాల్సిన మాట అది, కాబట్టి ఆ టైంలో మీరు వంటగదిలో ఉండొద్దు.

చూసే పద్ధతి గురించి రెండు మాటలు. రాత్రి అన్నాలయ్యాక వద్దు, పగలు చూడండి. సౌండ్ తగ్గించండి, ఎందుకంటే దీంట్లో సగం భయం మ్యూజిక్‌దే, పిల్లలు కళ్లు మూసుకుంటారు గానీ చెవులు మూసుకోరు. ఫోన్ ఇయ్యక తప్పదంటే యూట్యూబ్ కిడ్స్‌లో మీరు ఓకే చేసిన వీడియోలే కనిపించేలా పెట్టుకోవచ్చు, పది నిమిషాల పని. అసలు రెండేళ్ల లోపు పిల్లలకి స్క్రీనే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, ఆ వయసు వాళ్ల విషయంలో ఈ కార్టూన్ ప్రశ్నే రాకూడదు.

ఎనిమిదేళ్ల పిల్లలతో మొదలుపెట్టేవాళ్లు డాక్టర్ జాలొస్ట్ కథతో మొదలుపెట్టండి. తను బాధగా ఉన్నాడని లోకమంతా బాధపడాలని, తగిలితే దిగులు పుట్టే గుండ్లు జనం మీదకి పేలుస్తాడు ఆ డాక్టర్. యూస్టస్‌కి తగిలినా తేడా తెలియదు, ఆయన ముందే అట్లా ఉంటాడు కాబట్టి. మ్యూరియల్ వంటకంతో కరేజ్ అందరినీ మామూలు మనుషుల్ని చేస్తాడు. రూపాలు చూసి దడుచుకునేంతగా ఏమీ లేదు, అరగంటలోపే అయిపోతుంది. అది చూశాక పిల్లలు ఇంకోటి కావాలని అడిగితే రామ్సెస్‌కి వెళ్లండి, అడగకపోతే అక్కడితో ఆపేయండి. ఉంటానండీ.