ఈకల దిండులో ఏముంది?

మిత్రులందరికీ నమస్కారం. స్పానిష్ కథల్లో జబ్బూ జంతువూ జంటగా ఎందుకొస్తాయన్నది ఇవాళ్టి విషయం. ఉన్న కాస్త సమయంలో ఎక్కువ భాగం ఒక్క కథకే ఇస్తాను: ఉరుగ్వే రచయిత ఒరాసియో కిరోగా రాయగా 1907లో అచ్చయిన ‘ఈకల దిండు’.

అలీసియా కొత్త పెళ్లికూతురు. భర్త హోర్దాన్‌కి ప్రేమ ఉంది గానీ పైకి చూపించడు. ఆమెకి మొదట ఇన్‌ఫ్లూయెంజా, తర్వాత కారణం అంతుబట్టని రక్తహీనత. పూర్తి విశ్రాంతి తీసుకోమంటాడు డాక్టరు. రోజురోజుకీ పాలిపోతుంది. చివరికి పక్క సర్దనివ్వదు, దిండు కూడా ముట్టుకోనివ్వదు. ఆమె పోయాక పనిమనిషి దిండు మీద నెత్తుటి మరకలు చూస్తుంది. ఎత్తబోతే మోయలేనంత బరువు! హోర్దాన్ దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి కత్తితో చీలుస్తాడు. ఈకల మధ్య, వెంట్రుకల కాళ్లు ఆడిస్తూ, నోరు సరిగ్గా కనబడనంతగా ఉబ్బిన పురుగు.

ఆ పురుగు భర్తేనని, అతని ముభావమే ఆమె నెత్తురు పీల్చిందని అన్వయించుకోవచ్చు. కాదనను. నన్ను వెంటాడేది మాత్రం ఒక చిన్న వివరం. మొదట్లో రోజూ దిండు కదుపుతుండటంతో పురుగు ఎదగలేకపోయిందట. ఆమె మంచానికి అతుక్కుపోయాక విజృంభించి, ఐదు రోజుల్లో ప్రాణం తోడేసింది. అంటే డాక్టరు చెప్పిన విశ్రాంతే దానికి మేతయింది! పైగా ముగింపులో కిరోగా జంతుశాస్త్ర పాఠంలా, ఈ పక్షి పురుగులు ఈకల దిళ్లలో దొరకడం అరుదేమీ కాదంటాడు. ప్రతీకే కదా అని ధైర్యం చెప్పుకోబోయిన పాఠకుడికి ఆ దారీ మూసేస్తాడు.

ఆయనదే మరో కథలో పాము కరిచినవాడు పరానా నదిలో పడవ మీద పోతుంటాడు. ఆఖర్న ఒళ్లు తేలికపడితే, తగ్గిపోతోందనుకుంటాడు పాపం.

అర్జెంటీనా రచయిత హూలియో కోర్తాసార్ 1951 నాటి సంపుటిలోని ‘తలనొప్పి’ తీరు వేరు. మాన్‌కుస్పియాలనే, లోకంలో లేని జంతువుల్ని పెంచేవాళ్లు తమ బాధల్ని హోమియో మందుల పేర్లతో చెప్పుకుంటారు: అకోనైట్, నక్స్ వామికా. ఇంట్లో హోమియో మాత్రల డబ్బా ఉన్నవాళ్లు దీన్ని ఇంకాస్త బాగా ఆస్వాదిస్తారు. ఆకలికి జంతువులు ఇంటి చుట్టూ అరుస్తుంటాయి. తల లోపల ఏదో ప్రాణి గుండ్రంగా తిరుగుతుంటుంది. ఇల్లేదో, తలేదో తెలియదు.

నా మటుకు కిరోగానే ఎక్కువ భయపెడతాడు. సభలో కోర్తాసార్ అభిమానులుంటే, ప్రశ్నల సమయం ఉంది, రండి, వాదించుకుందాం.