మాటలు లోపల, ఓటు బయట: ఒహాయో నుంచి ఒక కాల్

హోస్ట్: హలో, చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్: నమస్తే అండీ, కొలంబస్ పక్క నుంచి. మా ఆయన ఇక్కడ ఆర్మీలో చేశారండి, స్టూడెంట్ వీసా మీద వచ్చి అప్పట్లో గ్రీన్ కార్డ్ లేనివాళ్లని కూడా ఆర్మీలోకి తీసుకునే మావ్ని (MAVNI) అని స్కీమ్ ఉండేది కదా అందులో చేరారు, బయటికొచ్చాక ఐటీ జాబ్, ఇప్పుడు లేఆఫ్ అయి నాలుగు నెలలు, రెండు నెలల రెంట్ బాకీ. కౌంటీలో వెటరన్స్‌కి, అంటే ఆర్మీలో చేసి వచ్చినవాళ్లకి, రెంట్ సాయం ఉందంట, కానీ అది మీటింగ్‌లో పెడతారంట, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చంట! ఆదివారం గుడిలో కనపడేవాళ్లు ఒక్కరున్నా చాలు, ప్రసాదం తిని చెయ్యి కడుక్కునేలోపు అందరికీ తెలిసిపోద్ది. ఈయనేమో అప్లికేషన్ నింపి, సంతకం పెట్టకుండా దేవుడి గూట్లో పంచాంగం కింద పెట్టేశారు.

హోస్ట్: అయ్యో. లాయర్ గారూ?

లాయర్: అమ్మా, మీరు విన్నది సగం నిజం. ఒహాయోలో 88 కౌంటీల్లోనూ వెటరన్స్ సర్వీస్ కమిషన్ ఉంటుంది, 1886 నాటి సోల్జర్స్ రిలీఫ్ చట్టం నుంచి వచ్చింది, మామూలుగా ఐదుగురు మెంబర్లు, వాళ్లూ వెటరన్సే. మీ ఆయన్ని ఇంటర్వ్యూ చేసేది, బ్యాంక్ స్టేట్‌మెంట్లు చూసేది, ఎందుకు బాకీ పడ్డారని అడిగేది, ఇదంతా తలుపులేసుకుని ఎగ్జిక్యూటివ్ సెషన్‌లోనే చెయ్యాలి. ఆయనే పబ్లిక్‌గా పెట్టండి అని అడిగితే తప్ప.

కాలర్: హమ్మయ్య.

లాయర్: ఆగండి, ఇంకో ముక్క ఉంది. సాయం ఇవ్వాలా వద్దా అని మెంబర్లు వేసే ఓటు మాత్రం ఓపెన్ మీటింగ్‌లోనే వెయ్యాలి. మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, అడిగినవాళ్ల పేరు, అడ్రస్, చేసే పని, ఇచ్చారా లేదా, ఇస్తే ఎంత, ఎవరు ఎటు ఓటేశారు, అన్నీ రాస్తారు.

కాలర్: అడ్రస్ కూడానా?!

లాయర్: అడ్రస్ కూడా. కౌంటీ ప్రాపర్టీ టాక్స్ డబ్బులు కదా, మనవాళ్లకే ఇచ్చుకున్నారా అని జనం అడగాలంటే లెక్క బయట ఉండాలి, అది నేను ఒప్పుకుంటా. కానీ ఇంటి నంబర్‌తో సహా ఎందుకో, నాకైతే అది ఎక్కువే అనిపిస్తుంది.

హోస్ట్: అదే సార్, డిజెబిలిటీ క్లెయిమ్ అయితే?

లాయర్: అది ఫెడరల్ వీఏది, అంటే కేంద్ర ప్రభుత్వ వెటరన్స్ శాఖది, అక్కడ మీటింగే ఉండదు, ఫైల్ గోప్యంగా ఉంచాలని చట్టం. అప్పీల్ బోర్డు తీర్పులు నెట్‌లో పెట్టినా పేరు తీసేస్తారు. జనం ఈ రెండూ కలిపేసుకుని, మోకాలి నొప్పి క్లెయిమ్ కూడా వెయ్యకుండా కూర్చుంటారు.

(వెనక నుంచి మగ గొంతు)

కాలర్: ఈయన అడుగుతున్నారండి, లోపల మాట్లాడేటప్పుడు ఈయన్ని బయటికి పొమ్మంటారా?

లాయర్: అనకూడదు. ఆయన కేసు నడుస్తుంటే ఆయన్నీ, ఆయన తెచ్చుకున్న మనిషినీ బయట నిలబెట్టే హక్కు కమిషన్‌కి లేదు. మిమ్మల్ని తోడు తీసుకెళ్లమనండి. ఆర్మీ నుంచి బయటికొచ్చినప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ కాగితం, డీడీ-214, దాని కాపీ, రెంట్ నోటీసు పట్టుకెళ్లండి, ఆ కౌంటీలో మూడు నెలలుగా ఉంటున్నట్టు ప్రూఫ్ కూడా.

కాలర్: ఆయన లేచారండీ... పంచాంగం తీస్తున్నారు. పెన్ను ఎక్కడ అంటున్నారు, ఉంటానండి.

హోస్ట్: వెళ్లండమ్మా, వెళ్లండి. నెక్స్ట్ కాలర్?