ఆ ఊరికి దారి ఎటు?

(పాలిటెక్నిక్ ఆటోమొబైల్ విభాగం చివరి సంవత్సరం విద్యార్థుల వీడ్కోలు సభలో ఒక మెకానిక్ ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, విభాగం హెడ్ గారికి, లెక్చరర్లకు, మొన్న మిట్టమధ్యాహ్నం ఎండలో సైకిళ్ల మీద మా షెడ్డు దాకా వచ్చి నన్ను పిలిచిన ఇద్దరు అబ్బాయిలకు, ఇక్కడ కూర్చున్న ముగ్గురు అమ్మాయిలకు ప్రత్యేకంగా నమస్కారం. ముప్పై ఏళ్ల కిందట నేను రెంచీ పట్టినప్పుడు ఈ పనిలోకి ఆడపిల్ల వస్తుందని ఎవరైనా అంటే నమ్మేవాణ్ణి కాదు. వచ్చారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

నాకిచ్చిన అంశం ‘ఆటోమొబైల్ రంగంలో ఉపాధి అవకాశాలు’. రెండు కాగితాలు రాసుకొచ్చాను, జేబులో ఉన్నాయి. అయితే ఈ తువ్వాల్లో చుట్టి తెచ్చినది ముందు మీకు చూపించాలి.

ఇది కనెక్టింగ్ రాడ్డు. ఇంజన్లో పైకీ కిందికీ ఆడే పిస్టన్నీ, కింద గుండ్రంగా తిరిగే క్రాంకునీ కలిపేది ఇదే. ముందు బెంచీ వాళ్లు తీసుకోండి. పెద్ద కన్నూ చిన్న కన్నూ ఒక గీతలో పెట్టి, ఒక కన్ను మూసి చూడండి. నడుము దగ్గర వంగింది, కనిపిస్తోందా? ఇది ఉక్కు. సుత్తి దెబ్బకి వంగింది కాదు. నీళ్లకి వంగింది. ఎన్ని నీళ్లకో తరవాత లెక్క చెప్తాను. చేతులు మారనివ్వండి, వెనక బెంచీ దాకా వెళ్లాలి, మళ్లీ నా దగ్గరకు రావాలి.

ఆ నీళ్లు ఇంజన్లోకి వెళ్లడానికి దారి వేసింది నేనే. ఈ చేతులతోనే.

ఐదేళ్ల కిందటి మాట. ఉండి అనే ఊరు దాటాక, చెరువుల మధ్య ఇంకో ఊరు. రొయ్యల రైతు గారి అబ్బాయి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ పాత స్పోర్ట్స్ కారొకటి కొన్నాడు. రెండు డోర్లు, రెండు లీటర్ల పెట్రోలింజను, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. నన్ను బాబాయ్ అంటాడు. ఒకరోజు చంకలో అట్టపెట్టె పెట్టుకుని వచ్చాడు. ‘బాబాయ్, ఇన్‌టేక్ తెప్పించాను, నువ్వే బిగించాలి’ అన్నాడు. ఇన్‌టేక్ అంటే ఇంజను గాలి పీల్చుకునే గొట్టం, ఫిల్టరు. విప్పితే లోపల అద్దంలా మెరిసే అల్యూమినియం గొట్టం, శంకు ఆకారంలో ఎర్ర ఫిల్టరు, రెండు రబ్బరు జాయింట్లు, నాలుగు క్లిప్పులు. ఆ గొట్టం చేతిలోకి తీసుకుంటే నాకూ ముచ్చటేసింది. అబద్ధం చెప్పను.

గాలి గురించి ఒక మాట చెప్పాలి ఇక్కడ. మా గురువు గారు ఆయిలింజన్ల మేస్త్రి. కాలవ గట్ల మీద నీళ్లు తోడే ఇంజన్లు, మిల్లుల ఇంజన్లు చేసేవారు. అప్పటి ఎయిర్ క్లీనర్ల అడుగున నూనె పోసేవాళ్లం. గాలి ఆ నూనె మీదుగా మెలి తిరిగి, దుమ్మంతా దాంట్లో వదిలేసి లోపలికి పోయేది. దాళ్వా నూర్పిళ్లప్పుడు గిన్నె విప్పితే అడుగున నల్లటి ముద్ద వేలికి అంటుకునేది. ఆ ముద్ద నా చేతికి రాసి చెప్పేవారాయన: ‘ఒరేయ్, ఇంజనుకి అన్నం గాలిరా. డీజిలు నంజుకోడానికే.’

అప్పుడు మాటవరసకి అంటున్నారనుకున్నాను. తరవాత తెలిసింది, లెక్క కూడా అదే. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. రెండు లీటర్ల ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు నిండుగా పీల్చగలిగితే నిమిషంలో ఆరు వేల లీటర్ల గాలి లోపలికి పోతుంది. రొయ్యల చెరువుల దగ్గర పెరిగిన పిల్లలు మీరు. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటరు ఆగితే రాత్రి మీ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఊపిరి విలువ మీకు నేను చెప్పాలా?

గాలి ఎంత పోయిందన్నది లీటర్లలో కాదు, బరువులో చూడాలి. వేడెక్కితే గాలి పలచబడుతుంది. ఘనమీటరు గాలి 35 డిగ్రీల దగ్గర సుమారు 1.15 కిలోలు తూగితే 60 డిగ్రీల దగ్గర 1.06 కిలోలే. దాదాపు ఎనిమిది శాతం తగ్గింది. రోహిణి కార్తెలో మన ట్రాఫిక్‌లో నిలబడ్డ కారు బానెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి, ఆ 60 ఎక్కడుందో తెలుస్తుంది. కుర్రాళ్లు కొందరు కంపెనీ ఫిల్టరు డబ్బా తీసేసి, రేడియేటరు పక్కనే శంకు ఫిల్టరు తగిలించుకుని తిరుగుతున్నారు. బుస్సుమని శబ్దం బాగా వస్తుంది. శబ్దం పెరిగింది కాబట్టి పవరు పెరిగిందనుకుంటారు. వేడిగాలి పీలుస్తున్న ఇంజను అది. డబ్బులిచ్చి ఊపిరి తగ్గించుకున్నారు.

ఈ కుర్రాడు తెచ్చిన కిట్టు అలాంటిది కాదు. బాగా ఆలోచించి చేసినది. గొట్టం పొడుగ్గా కిందికి దిగి, ఫిల్టరు ముందు బంపరు వెనకాల, చక్రం పక్కన కూర్చుంటుంది. ఇంజను వేడి తగలదు. బయటి చల్లగాలి. కిట్టు కంపెనీ చెప్పిన చోటే పెట్టాను, చెప్పినట్టే పెట్టాను.

ఎలా బిగించానో కూడా చెప్తాను, పిల్లలు కాబట్టి పనికొస్తుంది. ముందు ఇంజను చల్లారనిచ్చాను. బ్యాటరీ నెగటివ్ తీశాను. గాలిని కొలిచే సెన్సరుంది చూశారూ, మాస్ ఎయిర్ ఫ్లో సెన్సరు, దాన్ని పాత గొట్టంలోంచి రెండు స్క్రూలు తీసి పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాను. లోపల వెంట్రుకలాంటి తీగ. కరెంటుతో వేడెక్కి ఉంటుంది. గాలి ఎంత పోతే అంత చల్లబడుతుంది, దాన్నిబట్టి కంప్యూటరు పెట్రోలు లెక్క వేసుకుంటుంది. ఆ తీగని వేలితో ముట్టుకోకూడదు. నూనె పూసే రకం బట్ట ఫిల్టరుకి నూనె ఎక్కువైతే ఆ నూనె తుంపర తీగ మీద కూర్చుని లెక్క తప్పుతుంది. అందుకే ఉతికాక పూర్తిగా ఆరనివ్వండి, తరవాత పలచగా పూయండి.

గొట్టం వ్యాసం గురించి ఈ మాట రాసుకోండి, నిజంగా రాసుకోండి. సెన్సరుండే చోట పాత గొట్టం 70 మిల్లీమీటర్లుండి కొత్తది 76 ఉందనుకోండి. ఆరు మిల్లీమీటర్లే కదా అంటారు. వైశాల్యం 18 శాతం పెరిగింది. అంతే గాలి నెమ్మదిగా పోతుంది, తీగ తక్కువ చూపిస్తుంది, పెట్రోలు తక్కువ పడుతుంది. కంప్యూటరు కొంతవరకు సర్దుకుంటుంది, సర్దుకోలేనప్పుడు చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. వెర్నియర్ కాలిపర్ మీ లాబ్‌లోనే ఉంది. గొట్టం కొనేముందు కొలవండి. నేను కొలిచాను. సరిపోయింది. క్లిప్పులు సమంగా బిగించాను. సెన్సరు దాటాక ఎక్కడా దొంగగాలి పోకుండా జాయింట్లకు సబ్బు నీళ్లు కొట్టి చూశాను. స్కానరు పెట్టాను, ఒక్క తప్పూ చూపించలేదు. పై చుట్లలో ఇంజను కాస్త హుషారుగా లాగింది. నాలుగైదు గుర్రాల బలం పెరిగిందేమో, అంతకంటే ఉండదు. కుర్రాడి మొహం మాత్రం వెలిగిపోయింది.

ఇన్ని చూశాను. ఒక్కటి అడగలేదు. ‘అబ్బాయ్, మీ ఊరికి దారి ఎటు?’ అని అడగలేదు.

ఆ అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఒకటే వాన. దసరా సెలవులకి వచ్చిన కుర్రాడు రాత్రి తొమ్మిదింటికి ఇంటికి పోతున్నాడు. రోడ్డుకి రెండువైపులా చెరువులు నిండి, మురుగుకాలవ పొంగి, ఒక పర్లాంగు దూరం రోడ్డు మీద నీళ్లు. ఎంత? మోకాలి కిందికి. ముందు ఆటో పోయింది, ట్రాక్టరు పోయింది. నేనూ పోతాననుకున్నాడు. మామూలు కారైతే పోయేదేమో. కారుతో వచ్చే కంపెనీ ఫిల్టరు డబ్బాకి ముక్కు, అంటే గాలి పీల్చే నోరు, పైన బానెట్ అంచు దగ్గర ఉంటుంది. నేను పెట్టిన ముక్కు నేలకి జానెడు ఎత్తులో ఉంది. పైగా కారు నీళ్లలో పోతుంటే ముందు అల లేస్తుంది. నీళ్లు కనిపించిన దానికంటే బంపరు దగ్గర ఎత్తుగా ఉంటాయి.

ఇంజను ఒక్కసారి టక్కుమని ఆగింది. అప్పుడైనా నాకు ఫోను చేసుంటే! చీకట్లో, నీళ్లలో, ఒక్కడే, భయం వేసింది పాపం. సెల్ఫ్ కొట్టాడు. తిరగలేదు. మళ్లీ కొట్టాడు. మూడోసారి ఏదో విరిగినట్టు చప్పుడైందని చెప్పాడు.

ఇప్పుడు లెక్క. రెండు లీటర్లు నాలుగు సిలిండర్లకి పంచితే ఒక్కోదానికి 500 సీసీ. కంప్రెషన్ పదికి ఒకటి, అంటే పిస్టన్ కిందున్నప్పటి జాగా అది పైకొచ్చేసరికి పదో వంతవుతుంది. పిస్టన్ పైకొచ్చాక మిగిలే జాగా ఎంత? ఎవరైనా చెప్పండి. 500 భాగించు 9. అవును తల్లీ, 55 సీసీ. గట్టిగా చెప్పు, వెనక వాళ్లకి వినపడాలి. 55 సీసీ! అంటే మన టీ కొట్లో చిన్న గాజు గ్లాసులో పోసే టీ అంత కూడా ఉండదు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఆ జాగా కంటే కాస్త ఎక్కువ నీళ్లు చేరితే పిస్టన్ పైకి రాలేదు, కింద క్రాంకు ఆగలేదు, మధ్యలో నలిగేది రాడ్డు. మీ చేతుల్లో తిరుగుతున్నది రెండో సిలిండరుది. మూడోదాని రాడ్డు విరిగి బ్లాకుని కొట్టింది.

మర్నాడు పొద్దున్న ట్రాక్టరుతో లాక్కొచ్చారు. ఎర్ర ఫిల్టరు విప్పి పిండాను. బట్ట పిండినట్టు నీళ్లు కారాయి. అడుగున చేపపిల్లంత నాచు. నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ తీస్తే నూనె పాలు కలిపిన టీలా ఉంది. నేను షెడ్డులో కింద కూర్చుండిపోయాను. ఆ కుర్రాడు నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్ల నాన్నగారు మాత్రం, ‘మేస్త్రీ, మా ఊరి రోడ్డు సంగతి నీకు తెలుసు కదయ్యా’ అన్నారు. ఆ ఒక్క మాటే. తెలుసు. ఆ రోడ్డు మీద నేను ఎన్నిసార్లు పోయానో. రిపేరు ఖర్చులో సగం నేను పెట్టుకుంటానన్నాను, ఆయన ఒప్పుకోలేదు. ఇన్సూరెన్సు వాళ్లు ఇవ్వలేదు. ఇంజను రక్షణకు విడిగా కవరు తీసుకోకపోతే నీళ్లు తాగిన ఇంజనుకి మామూలు పాలసీలో డబ్బు రాదు. మీ ఇంట్లో బండి ఉంటే ఇవాళే పాలసీ కాగితం తీసి చూడండి.

ఇంకో బాధ ఉంది. మళ్లీ పాత డబ్బా పెడదామని వెతికితే, మా షెడ్డు కుర్రాడు దాన్ని పాత సామాన్ల వాడికి వేసేశాడు. ప్లాస్టిక్ డబ్బాయే కదా అని. ఆ డబ్బాలో ఎంత తెలివి ఉందో తెలుసా? పైన ముక్కు. లోపల వంపు, నీటి చుక్కలు బరువుకి కింద పడేలా. అడుగున ఆ చుక్కలు కారిపోయేలా చిన్న చిల్లి. పక్కన బుడిపెలా ఉండేది శబ్దాన్ని మింగే ఖాళీ గది. ఏళ్ల తరబడి ఎవరో ఇంజనీర్లు కూర్చుని ఆలోచించి చేసినది కిలో లెక్కన పోయింది. అలాంటి డబ్బా మళ్లీ దొరకడానికి మూడు నెలలు పట్టింది. దయచేసి, కంపెనీ భాగం ఏది విప్పినా గుడ్డలో చుట్టి, కారు నంబరు రాసి, యజమాని చేతికివ్వండి.

మనది డెల్టా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచీ నీళ్లు మన పొలాల్లోకీ, వాకిళ్లలోకీ వచ్చాయి, వాటితోనే బతికాం. 1986 వరద మీ తాతలు చూశారు. 1996 నవంబరు తుపాను మీ అమ్మానాన్నలు చూశారు. లంకల వాళ్లు ఏటా కాజ్‌వే మునిగితే పడవ ఎక్కుతున్నారు. ఎక్కడో ఎండ రోడ్ల మీద పరుగు పందాలకి చేసిన భాగం మన కారుకి బిగించేటప్పుడు, మన నీళ్లు దానికి తెలియవు. మనకి తెలుసు. అది తెలిసిన మెకానిక్ ఉండాలి, అందుకే మీరు కావాలి. ప్రిన్సిపాల్ గారూ, ఉపాధి గురించి నేను చెప్పగలిగింది ఇదేనండి.

ఇన్‌టేక్ పెట్టొద్దని నేను అనను. ఫిల్టరు బానెట్ కిందే, పైన, చుట్టూ మూత ఉన్న డబ్బాలో పెట్టి, ముక్కు మాత్రం ముందు గ్రిల్ పై అంచుకి తెచ్చే కిట్లు ఉన్నాయి. అలాంటివి అడగండి. కింద పెట్టేవి తెస్తే కారు యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, వానాకాలం పాత డబ్బా పెట్టించుకోమని చెప్పండి. నీళ్లలో ఆగితే సెల్ఫ్ కొట్టొద్దని ప్రతి ఒక్కరికీ చెప్పండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంకు పుల్లీకి స్పానర్ పెట్టి చేత్తో తిప్పితే నీళ్లు పైకి చిమ్మి బయటికొచ్చేస్తాయి. అప్పుడు నూనె మార్చుకుంటే చాలాసార్లు ఇంజను బతుకుతుంది. ఆ రాత్రి ఆ ఒక్కటి వాడికి తెలిసుంటే ఈ రాడ్డు ఇప్పుడు ఇంజన్లో ఉండేది.

ఆ కారు ఇప్పుడు మీ వర్క్‌షాపు ముందు వేపచెట్టు కింద ఉంది. ఎర్ర కారు, వచ్చేటప్పుడు చూసే ఉంటారు. ఇంజను పూర్తిగా కట్టాను, నాలుగేళ్లుగా బాగా తిరుగుతోంది. ఆ అబ్బాయి ఈసారి డబ్బాతో సహా వచ్చే కిట్టు తెచ్చుకున్నాడు, ముక్కు పైకుండేది. ‘మీ పిల్లల చేతే బిగించు బాబాయ్’ అని తాళం చెవి ఇచ్చి పంపించాడు. పొద్దున్న ఎనిమిదింటికే ఆపాను, ఇంజను చల్లారి ఉంటుంది. పది నంబరు సాకెట్టు, పొడుగు ఎక్స్‌టెన్షను, వెర్నియర్ కావాలి. పాత డబ్బా పెట్టడానికి శుభ్రమైన గుడ్డ కూడా. ఆ రాడ్డు ఎవరి దగ్గరుందమ్మా? ఇలా తెచ్చెయ్యండి. పదండి.